బెజవాడలో సినిమా, మాల్ కాక ఇంకేముంది? మీ సొంత మనుషులను ఎక్కడికి తీసుకెళ్తారు?

సాగరతీరం
విశాఖపట్నం నుంచి బదిలీ మీద ఈ మధ్యే విజయవాడ వచ్చాం. పటమటలో ఇల్లు. ఎవరిని అడిగినా ఒకటే సలహా: దుర్గమ్మ దర్శనం చేసుకోండి, సినిమాకు వెళ్ళండి, బిర్యానీ తినండి. దర్శనం అయింది. సినిమాలూ అయ్యాయి. ఆదివారం వచ్చిందంటే మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కి దిగడం తప్ప వేరే దారి కనిపించడం లేదు. విశాఖలో సాయంత్రమైతే బీచ్ రోడ్డు ఉండేది. డబ్బు ఖర్చు లేదు, ముందుగా అనుకోవలసిన పనీ లేదు. ఇంత పెద్ద ఊళ్ళో జనం సాయంత్రాలు ఏం చేస్తారు?

మా ఇంట్లో నేను, మావారు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు, ఐదో తరగతి చదివే అమ్మాయి. అత్తగారికి సంగీతం, పద్యాలు అంటే ప్రాణం. అమ్మాయి ఎప్పుడూ బొమ్మలు వేస్తూ ఉంటుంది. మావారికి తిండి, నాకు పుస్తకాలు. ‘చూడవలసిన పది ప్రదేశాలు’ లాంటి జాబితాలు వద్దు, అవి చదివేశాను. మీ ఇంటికి చుట్టాలు వస్తే మీరు స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళే చోట్లు చెప్పండి.

కృష్ణలంక వాసి
మీ బీచ్ రోడ్డు లోటు తీర్చేది ప్రకాశం బ్యారేజీయే. అయితే సాయంత్రం కాదు, తెల్లవారుజామున. సీతానగరం వైపు బండి ఆపి బెజవాడ వైపు నడవండి. ఎడమ చేతివైపు నిండు నీరు, కుడి చేతివైపు ఇసుక మేటలు, వాటి మీద కొంగలు. ఎదురుగా ఇంద్రకీలాద్రి. సూర్యుడు కుడివైపు నుంచి లేచేసరికి మీరు సగం దూరంలో ఉంటారు. ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరు దాటి ఉంటుంది, కాబట్టి రానూపోనూ మంచి నడక. మీ అత్తగారు పద్మావతి ఘాట్‌లో కూర్చుని నదిని చూడవచ్చు. 1957లో పూర్తయిన కట్ట ఇది. అంతకు వందేళ్ళ ముందే ఇక్కడ ఆనకట్ట ఉంది. డెల్టా అన్నం తింటున్నదంతా ఈ నీటి చలవే. మా ఇంటికి ఎవరు వచ్చినా మొదట ఇక్కడికే తీసుకొస్తాను.

నీడపట్టు
మే నెలలో బ్యారేజీ మీద నడకా? వాళ్ళను వచ్చీ రాగానే వడదెబ్బకు అప్పజెప్పేలా ఉన్నారు.

కృష్ణలంక వాసి
తెల్లవారుజామున అని రాశాను కదండీ. ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. ఈ ఊళ్ళో మార్చి చివరి నుంచి జూన్ దాకా బయటి పని ఏదైనా ఏడు లోపు కావాలి, లేదా పొద్దు పోయాక. మధ్యలో ఎవరు ఎక్కడికి రమ్మన్నా కదలకండి.

పెసరట్టు పక్షం
నడక అయ్యాక ఇంటికి ఎందుకు, నేరుగా గాంధీనగర్ వెళ్ళండి. బాబాయ్ హోటల్‌లో పొగలు కక్కుతున్న ఇడ్లీ మీద వెన్న ముద్ద వేసి ఇస్తారు. ఆ వెన్న కరిగి అంచుల నుంచి కిందికి జారేలోపు కారప్పొడి అద్దుకుని తినాలి. కబుర్లలో పడితే ఇడ్లీ నానిపోతుంది, అందుకని తినేటప్పుడు మాటలు ఆపండి. మీవారికి అక్కడితో బెజవాడ మీద మనసు కుదురుతుంది.

గవర్నరుపేట
బాబాయ్ హోటల్ సంగతి ఊరంతా చెప్తుంది, ఆవిడ ఆ జాబితాలన్నీ చదివేశానన్నారు కదా. బెజవాడ రుచి సాయంత్రం బండి మీద ఉంటుంది. పునుగులు.

విశాఖలో కూడా దొరుకుతాయని అంటారేమో, ఇక్కడివి వేరు. పిండి కొంచెం పులిసి ఉండాలి. అందులో ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర. బండి దగ్గర నిలబడి ఆ మనిషి చేతిని గమనించండి. గిన్నెలో చెయ్యి ముంచి, నాలుగు వేళ్ళ మీదికి పిండి తీసుకుని, బొటనవేలితో నెడుతూ నూనెలోకి వదులుతాడు. చూస్తుండగానే మూకుడు నిండిపోతుంది. అవి వాటంతట అవే తిరగబడతాయి. మొదటి వాయి తీసుకోకండి, రెండోదానికి ఆగండి. అప్పటికి నూనె సరిగ్గా కాగుతుంది. అల్లం పచ్చడి, పక్కన పచ్చి ఉల్లిపాయ. పటమటలోనే మీకు కావలసినన్ని బండ్లు ఉన్నాయి. ఏ బండి అని పేరు చెప్పను, జనం నిలబడి ఎదురుచూస్తున్న బండి మంచిది, వేయించి గుట్ట పోసిన బండి వద్దు.

పెసరట్టు పక్షం
పునుగులకు అల్లం పచ్చడి ఒక్కటే చాలదు. పల్లీ పచ్చడి ఉండాలి.

గవర్నరుపేట
పల్లీ పచ్చడి ఇడ్లీకి. దయచేసి కొత్తగా వచ్చినవాళ్ళకు తప్పు దారి చూపకండి.

చిట్టి గారె
ఇద్దరూ చిట్టి గారెల మాటే ఎత్తలేదు. చిన్నవి, కరకరలాడేవి, బొటనవేలంత చిల్లుతో. ఇంట్లో ఐదో తరగతి పిల్ల ఉందంటే మొదట చెప్పవలసింది అవే.

సాగరతీరం
తిండి గురించి ఇంత త్వరగా గొడవ మొదలవుతుందని అనుకోలేదు, మావారు పక్కనే కూర్చుని రాసుకుంటున్నారు. మా అత్తగారి సంగతి ఎవరైనా చెప్పండి. ఆవిడ చిన్నప్పుడు పద్యనాటకాలు చూస్తూ పెరిగారు. ఇప్పుడు టీవీ ముందు నుంచి లేవడం లేదు.

రంగస్థలం
మీ అత్తగారు సరైన ఊరికే వచ్చారు. గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయం ఉంది. పేరు గ్రంథాలయమే కానీ బెజవాడ నాటకానికి అది పుట్టిల్లు. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం పెద్దది, ప్రభుత్వ కార్యక్రమాలు, పెద్ద సభలు అక్కడ. నన్ను అడిగితే నాటకం మాత్రం హనుమంతరాయలోనే చూడాలి. నటుడి గొంతు నేరుగా చెవికి వస్తుంది.

ప్రకటనలు పెద్దగా ఉండవు. పత్రికల్లో జిల్లా పేజీలో ‘నేటి కార్యక్రమాలు’ అని చిన్న పెట్టె వస్తుంది. రోజూ ఉదయం అది చూడండి. సగం కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం. పద్యనాటకం ఉన్న రోజు మాత్రం మీ అత్తగారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. రాయబారం పద్యాలు ఎత్తుకోగానే, హార్మోనియం శ్రుతి కలవగానే, జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. నటుడు పాత్ర నుంచి బయటకు రాకుండానే మళ్ళీ అదే పద్యం మొదటి నుంచి ఎత్తుకుంటాడు, రెండోసారి రాగం ఇంకా సాగదీస్తాడు. ఈ ఆచారం మన పద్యనాటకానికి ప్రాణం. దాన్ని నిలబెట్టేది ముందు వరుసల్లో కూర్చునే ఆ పెద్దవాళ్ళే. వాళ్ళు ఇంట్లో కూర్చుంటే ఆ పద్యం కూడా ఆగిపోతుంది. కాబట్టి ఆటో ఖర్చు చూసుకోకుండా తీసుకెళ్ళండి.

తెనాలి తమ్ముడు
పద్యనాటకం అన్నాక తెనాలి పేరు ఎత్తకపోతే ఎలా? రైలెక్కితే ఎంతో దూరం లేదు. గుంటూరు జిల్లా పల్లెల్లో పరిషత్తు నాటికల పోటీలు జరుగుతాయి, రాత్రి ఎంత పొద్దుపోయినా జనం కదలరు. పట్టణంలో హాలు ఖాళీగా ఉన్న నాటికకు పల్లెలో కుర్చీలు చాలవు.

నీడపట్టు
రంగస్థలం గారూ, నిజం చెప్పండి, హాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉంటున్నారు? వెళ్ళినప్పుడల్లా వేదిక మీద సన్మానాలు గంటసేపు, నాటకం ముక్కాలు గంట. శాలువాలు కప్పడం చూడటానికి మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఎందుకు తీసుకెళ్ళాలి?

రంగస్థలం
సన్మానాల మాట నిజమే, నాకూ కోపమే. అందుకే కార్డు మీద రాసిన సమయానికి కాక కొంచెం ఆలస్యంగా వెళ్ళమంటాను. కానీ జనం తక్కువ ఉన్నారని వెళ్ళడం మానేస్తే వచ్చే ఏడాదికి ఇంకా తగ్గుతారు.

ఆకాశవాణి శ్రోత
సంగీతానికి కూడా ఒక మాట. దుర్గాపురంలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాలుగా పనిచేసిన చోటు. కార్యక్రమాలు ఉన్నప్పుడు వెళ్ళి పిల్లల పాట వినండి, మీ అమ్మాయికి కూడా ఏదైనా నేర్చుకోవాలని బుద్ధి పుట్టవచ్చు. బయటకు రాలేని రోజుల్లో మీ అత్తగారికి రేడియో పెట్టండి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇంట్లో ఇప్పటికీ భక్తిరంజని వినపడితేనే కాఫీ పొయ్యి మీదికి ఎక్కుతుంది.

అట్ట చిరిగిన పుస్తకం
పుస్తకాలన్నారు కాబట్టి నేను రావలసిందే. సాయంత్రం ఎండ తగ్గాక ఏలూరు రోడ్డు పట్టుకోండి. తెలుగు ప్రచురణ సంస్థల దుకాణాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి, విశాలాంధ్ర, నవోదయ, ప్రజాశక్తి. కొత్త పుస్తకం కావాలంటే అక్కడ. పాత పుస్తకం కావాలంటే లెనిన్ సెంటర్.

లెనిన్ సెంటర్‌లో ముందు కనిపించేవి పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంజినీరింగు గైడ్లు. అవి చూసి వెనక్కి తిరగకండి. లోపల, కింది వరుసల్లో, దారం కట్టిన కట్టల్లో ఉంటాయి అసలు సరుకు. పాత వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చించి ఎవరో ఇంట్లో కుట్టించుకున్న బైండు పుస్తకాలు దొరుకుతాయి. వెన్ను మీద సిరాతో పేరు, లోపల పేజీ అంచుల్లో చదివినవాళ్ళ రాతలు. అచ్చులో ఎప్పుడూ పుస్తకంగా రాని నవలలు కొన్ని ఆ రూపంలోనే బతికి ఉన్నాయి. అలాంటిది కనిపిస్తే బేరం చేయకుండా కొనేయండి. దుకాణదారుకు మీకేం కావాలో ఒకసారి చెప్పి వస్తే, వచ్చినప్పుడు పక్కన పెడతారు.

ఇక జనవరి మొదటి రోజుల్లో పుస్తక మహోత్సవం. 1989లో మొదలైంది. ఆ రోజుల్లో బెజవాడలో ఉండి కూడా దానికి వెళ్ళనివాళ్ళతో నేను మాట్లాడను. పుస్తకప్రియుల పాదయాత్ర కూడా ఉంటుంది, మీ అమ్మాయిని నడిపించండి. ఒక్కటే నా బాధ. ఏళ్ళ తరబడి స్వరాజ్య మైదానంలో జరిగిన పండుగ అది. ఊరి నడిబొడ్డున, బస్సు దిగి నడిచి వెళ్ళే చోట. అది పోయాక వేదికలు మారుతూ వచ్చాయి.

నడిచే దారి
అట్ట చిరిగిన పుస్తకం గారూ, ‘అది పోయాక’ అంటే నాకు కష్టంగా ఉంది. ఆ స్థలంలో 2024 జనవరి నుంచి 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడి ఉంది. మా నాన్నగారు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. మేము సెలవు రోజు పిల్లలతో వెళ్ళే చోటు అదే. సాగరతీరం గారు మీ సొంత మనుషులను ఎక్కడికి తీసుకెళ్తారు అని అడిగారు, నా జవాబు ఇది. సాయంత్రం దీపాలు వెలిగాక వెళ్ళండి.

అట్ట చిరిగిన పుస్తకం
మీ మాట కాదనను. విగ్రహం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఉండదు కూడా. పుస్తకాల పండుగకు ఊరి మధ్యలో స్థిరమైన చోటు ఒకటి కావాలని మాత్రమే నా పోరు. అంబేద్కర్ పేరు మీద ఉన్న చోటి పక్కన పుస్తకాలు ఉంటే ఇంకా బాగుంటుంది.

నడిచే దారి
ఆ మాటకు నేనూ సంతకం పెడతాను.

బొమ్మల కొలువు
ఐదో తరగతి అమ్మాయికి. ముందు బందరు రోడ్డులో బాపు మ్యూజియం. 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో శంకుస్థాపన చేసిన భవనం. బాగుచేసి 2020లో బాపు పేరు మీద మళ్ళీ తెరిచారు. అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధ విగ్రహం ముందు మీ అమ్మాయిని కాగితం, పెన్సిలుతో కూర్చోబెట్టండి. ఆ వస్త్రం మడతలు గీయడం మొదలుపెడితే ఒక పూట గడిచిపోతుంది. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందించిన సంగతి కూడా ఆ పూటే చెప్పండి. బడిలో చదివిన పాఠం తను ఉంటున్న ఊళ్ళోనే జరిగిందని తెలుస్తుంది.

తర్వాత కొండపల్లి. కోటకు ఈ ఎండల్లో వద్దు. కింద బొమ్మలు చేసేవాళ్ళ వీధికి వెళ్ళండి. తెల్ల పొణికి కర్ర చేతిలో పెట్టి చూడండి, బరువే ఉండదు. ఏనుగుకు తొండం వేరుగా, చెవులు వేరుగా, మావటివాడు వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి వాటిని అతుకుతారు, అతుకు కనిపించకుండా అదే మక్కుతో నున్నగా పూస్తారు. ఆ పైన సున్నం, ఆ పైన రంగులు. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ తప్పకుండా కొనండి. అడిగితే పిల్లల చేతికి కుంచె ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఊళ్ళోని పెద్ద దుకాణాల్లో కాకుండా వాళ్ళ గుమ్మంలోనే కొనండి, ఆ డబ్బు చేసిన చేతికి అందుతుంది. పొణికి చెట్టు అడవిలో తగ్గిపోతోందని, కర్ర దొరకడం కష్టమైందని వాళ్ళే చెప్తారు. వాళ్ళ పిల్లల్లో చాలామంది ఈ పని వద్దనుకుంటున్నారు. కొనేవాళ్ళు గుమ్మం దాకా వస్తే కొందరైనా ఉంటారు.

బ్రాడీపేట 4/14
ఇంతసేపు చదివాను. కృష్ణకు ఇటువైపు కూడా ఊళ్ళు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. ఉండవల్లి మా గుంటూరు జిల్లాది. బ్యారేజీ దాటితే వచ్చేస్తుంది, అయినా బెజవాడ వాళ్ళు తమదిగా చెప్పుకుంటారు. కొండను తొలిచి నాలుగు అంతస్తులు చేశారు. లోపల అనంతశయనుడు, ఒకే రాతిలో, గది పొడవునా. పైన వసారా బయట కూర్చున్న మునుల విగ్రహాల పక్కన నిలబడితే పొలాలు, దూరంగా నది. మధ్యాహ్నం మాత్రం ఆ రాయి మీద చెప్పులతో కూడా నిలబడలేరు. పొద్దున్నే వెళ్ళండి. అత్తగారు మెట్లెక్కలేకపోతే ముందు పచ్చికలో చెట్టు నీడన కూర్చోవచ్చు, కింది నుంచి కూడా గుహ ముఖమంతా కనిపిస్తుంది.

గుంటూరుకు రైల్లో రండి. కారులో వస్తే వారధి మీద వాహనాల వెనక కూర్చోవడమే. రైలైతే కృష్ణ వంతెన మీద మెల్లగా వెళ్తుంది, బ్యారేజీ మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది. మీ అమ్మాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. మధ్యాహ్నం శంకర్ విలాస్‌లో భోజనం. గోంగూర పచ్చడిలో ఎండుమిర్చి తగులుతుంది, పక్కన ఉల్లిపాయ, పైన నూనె చుక్క. మంచినీళ్ళు కాదు, అన్నం ముద్దే ఆ కారానికి మందు. సాయంత్రం మిర్చి బజ్జీ: నిలువునా కోసి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చేది.

గవర్నరుపేట
మిర్చి యార్డు చూపించరా?

బ్రాడీపేట 4/14
వేసవిలో యార్డుకు సెలవులు ఇస్తారు, ఇప్పుడు వస్తే ఏమీ కనిపించదు. ఫిబ్రవరి, మార్చిలో రండి. కనుచూపు మేర బస్తాలు, తేజ రకం మిర్చి ఒకవైపు, 334 రకం ఒకవైపు. యార్డు గేటు ఇంకా దూరంగా ఉండగానే తుమ్ములు మొదలవుతాయి. చిన్నపిల్లలను, ఆయాసం ఉన్నవాళ్ళను తీసుకురావద్దు. అది రైతు ఏడాది కష్టానికి ధర పలికే చోటు. పక్కకు నిలబడి చూడండి, ఫొటోల కోసం బస్తాల మధ్య అడ్డంగా తిరగకండి. బేరం జరుగుతున్న రైతు ముఖం చూశాక మీరు కూరలో వేసే కారం మీద గౌరవం పెరుగుతుంది.

కొంగల చెరువు
గుంటూరు దాకా వచ్చినవాళ్ళు ఉప్పలపాడు వదలకూడదు. ఊరి చెరువు, అందులో తుమ్మ చెట్లు, వాటి నిండా పక్షులు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు. చలికాలం మొదలయ్యాక వెళ్ళండి. సాయంత్రం తిరిగి వచ్చే వేళ ఆకాశం సందడిగా ఉంటుంది. ఆ ఊరివాళ్ళు దీపావళికి టపాసుల మోత లేకుండా చూసుకుంటారని విన్నప్పటి నుంచి ఆ ఊరంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

మంగళగిరి మగ్గం
విజయవాడ, గుంటూరు మధ్యలో రైలు మా ఊళ్ళో కూడా ఆగుతుంది. పదకొండు అంతస్తుల గాలిగోపురం, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది. కొండ మీద పానకాలస్వామికి బెల్లం పానకం పోస్తారు, సగం స్వామి తాగి సగం మనకు వదులుతాడని నమ్మకం. ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి అత్తగారికి మెట్ల బాధ తక్కువ. కింద ఏదో ఒక వీధిలో గుంట మగ్గం చప్పుడు వినపడితే ఆగి గుమ్మంలో నుంచి పలకరించండి, నేతగాళ్ళు పొమ్మనరు. నిజాం అంచు, ఒంటి రంగు నూలు చీర. ఈ ఎండలకు దాన్ని మించింది లేదు. తక్కువ ధరకు ఇస్తున్నారంటే మరమగ్గం గుడ్డ అయి ఉంటుంది, వెనక్కి తిప్పి చూసి, అడిగి కొనండి.

రసాల తోట
అందరూ జనవరి అనీ, చలికాలం అనీ చెప్తున్నారు. మే నెలలో బెజవాడలో ఉండి మామిడిపండు మాట ఎవరూ ఎత్తలేదు! నూజివీడు పక్కనే ఉంది. నున్న ఊళ్ళో మామిడి మార్కెట్టు ఉంది. బంగినపల్లి కోసుకు తినేవాళ్ళు తినండి, నేను చిన్న రసాల మనిషిని.

కొత్తవాళ్ళకు ఒక పద్ధతి చెప్తాను. పండును నీళ్ళలో కాసేపు వేయండి. తీసి రెండు అరచేతుల మధ్య మెల్లగా నలపండి, తోలు చిట్లకూడదు, లోపల టెంక కదులుతున్నట్టు తెలియాలి. ముచ్చిక తీసి మొదటి చుక్కలు పిండి పారేయండి, అది సొన, పెదవి మండుతుంది. ఆ తర్వాత నోట పెట్టుకోవడమే. చెంచా, పళ్ళెం అడిగారంటే రసం మీద గౌరవం లేదన్నమాట. పగలు ఇంట్లోనే ఉండాలని కృష్ణలంక వాసి గారు అన్నారు కదా, ఆ పగటికి పని ఇదే.

పెసరట్టు పక్షం
ముద్దపప్పు, ఆవకాయ, పక్కన చిన్న రసం. మా ఇంట్లో ఈ నెలంతా వంట ఇంతే.

సాగరతీరం
పటమట రైతు బజారులో నిన్న తెచ్చాం, మా అమ్మాయి మోచేతుల దాకా రసం చేసుకుంది. మావారు ఉలవచారు బిర్యానీ గురించి అడగమంటున్నారు.

గవర్నరుపేట
వద్దు. ఉలవచారు వేడి అన్నంలో, మీగడతో. ఎద్దుల కోసం ఉడికించిన ఉలవల కట్టు వంచి, మళ్ళీ గంటల తరబడి మరిగించి చిక్కబరిచిన చారు అది. అంత కష్టపడి చేసినదాన్ని మసాలా అన్నంలో కలిపితే రెండు రుచులూ పోతాయి.

చిట్టి గారె
నాకు ఇష్టమే. మా పిల్లలకు ఉలవచారు పేరు తెలిసింది ఆ బిర్యానీ వల్లే. తర్వాత అమ్మమ్మ చేతి చారు కూడా అడిగి వేయించుకున్నారు.

గవర్నరుపేట
పిల్లలు అమ్మమ్మ చారు దాకా వచ్చారంటే సరే, ఒప్పుకుంటున్నాను. మీవారిని మాత్రం ముందు మీగడతో తినమనండి.

గాలిపటం
భవానీ ద్వీపం ఎవరూ చెప్పలేదు. 133 ఎకరాలు, పడవలో వెళ్ళాలి, పిల్లలకు బాగుంటుంది.

నీడపట్టు
పడవ ప్రయాణం బాగుంటుంది. మే నెలలో ద్వీపం మీద మధ్యాహ్నం ఏం చేస్తారు? నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. వానాకాలంలో వరద ఉంటే పడవలు ఆపేస్తారు, ఘాట్ దాకా వెళ్ళి వెనక్కి రావాలి.

కృష్ణలంక వాసి
వరద అన్నారు కాబట్టి గుర్తు చేస్తున్నాను. ఆగస్టు, సెప్టెంబరులో బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినప్పుడు ఆ హోరు చూడటానికి ఊరంతా వస్తుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

సింగ్‌నగర్
ఆ సెప్టెంబరులో బుడమేరు వాగు మా ఇళ్ళలోకి వచ్చింది. మేడ మీద కూర్చుని మంచినీళ్ళ కోసం పడవలకు చేతులూపాం. పుస్తకాలు, పరుపులు, పెళ్ళి ఫొటోలు అన్నీ బురదలో పోయాయి. ఆ రోజుల్ని చూడవలసిన వాటి జాబితాలో రాయకండి.

కృష్ణలంక వాసి
మా వీధి కూడా కరకట్ట పక్కదే, ఆ భయం తెలుసు. నేను చెప్పింది మామూలు వానాకాలపు నీటి గురించి. సాగరతీరం గారూ, హెచ్చరిక ఉన్న రోజుల్లో నది దగ్గరికి ఎవరూ వెళ్ళకండి. పోలీసులు ఆపితే వాదించకండి.

సింగ్‌నగర్
అలా రాస్తే నాకూ సమ్మతమే. సాగరతీరం గారికి నా వంతు: దసరా. మూలా నక్షత్రం రోజు దర్శనానికి వెళ్తే రోజంతా వరుసలోనే. అత్తగారితో అది వద్దు. విజయదశమి సాయంత్రం తెప్పోత్సవం చూడండి, హంసవాహనం మీద దుర్గా మల్లేశ్వరులు. నీటి ఉరవడి ఎక్కువగా ఉన్న ఏడాది నదిలో విహారం ఉండదు, పడవను గట్టున కట్టే పూజలు చేస్తారు. అయినా ఘాట్ల దగ్గర జనం తగ్గరు. కొంచెం ముందుగా వచ్చి చోటు చూసుకోండి.

సాగరతీరం
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. సింగ్‌నగర్ గారూ, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. ఈ ఆదివారం తెల్లవారుజామున బ్యారేజీ, అక్కడి నుంచి గాంధీనగర్‌లో ఇడ్లీ. సాయంత్రం నేను, అమ్మాయి లెనిన్ సెంటర్. వచ్చే ఆదివారం బాపు మ్యూజియం, వానలు పడ్డాక కొండపల్లి, ఉండవల్లి. మిర్చి యార్డు, ఉప్పలపాడు వాటి రోజుల దాకా ఆగుతాయి. మా అత్తగారు పత్రికలో ఆ చిన్న పెట్టె వెతకడం అప్పుడే మొదలుపెట్టారు. రంగస్థలం గారూ, ఈ నెలలో పద్యనాటకం ఏమైనా ఉందా? ఆవిడ రెండుసార్లు అడిగారు.

రంగస్థలం
రేపు హనుమంతరాయ గ్రంథాలయం వైపు వెళ్తున్నాను, బోర్డు చూసి ఇక్కడే రాస్తాను. ఆవిడకు ఏ నాటకం పద్యాలు ఇష్టమో అడిగి చెప్పండి.

పెసరట్టు పక్షం
ఆదివారం ఏడున్నర దాటితే ఇడ్లీకి నిలబడవలసి వస్తుంది. బ్యారేజీ నుంచి ఏడింటికే బయలుదేరండి.

సాగరతీరం
అత్తగారి మాట యథాతథంగా: ‘రాయబారం అయితే ఎంత దూరమైనా వస్తాను, ఆటో మాట్లాడి పెట్టు.’